క్రిస్మస్ చెట్టుకు పరికిణీ

(రేడియో మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



క్రిస్మస్ దగ్గర పడింది. ఇంటికి సున్నాలూ, పిల్లలకు కొత్త బట్టలూ, అరిసెలకు బియ్యం నానబోయడాలూ, ఎవరి హడావుడిలో వాళ్ళున్నారు. ఈ సందట్లోనే మీకొక చిన్న కుట్టుపని చెబుదామని వచ్చాను. క్రిస్మస్ చెట్టు మొదట్లో చుట్టూ పరుస్తారే, ఆ గుండ్రటి గుడ్డ సంగతి. ట్రీ స్కర్టు అంటారు దాన్ని. నేను మొదటిసారి అది కుడుతూ వరండాలో కూర్చుంటే, మాకు పాలు పోసే ఆవిడ నిలబడి చూసి, “చెట్టుక్కూడా పరికిణీ కుడుతున్నారా అమ్మగారూ? మరి ఓణీ ఎప్పుడేస్తారు?” అంది. అప్పట్నించీ మా ఇంట్లో దాని పేరు పరికిణీయే.

అసలు చెట్టుకు పరికిణీ ఎందుకూ అంటే, దానికో కథ ఉంది. క్రిస్మస్‌కు ఇంట్లో చెట్టు నిలబెట్టడం జర్మనీ వాళ్ళ ఆచారం. ఇంగ్లండులో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ ఒకటి 1848లో లండన్ పత్రికలో అచ్చయింది. అది చూశాక అక్కడి ఇళ్ళల్లో ఈ ముచ్చట బాగా పాకిపోయింది. ఆ రోజుల్లో చెట్టు కొమ్మల మీద నిజం కొవ్వొత్తులే వెలిగించేవారు. కరిగిన మైనం బొట్లు బొట్లుగా కింద పడేది. చెట్టు ఎండేకొద్దీ సూదుల్లాంటి ఆకులు రాలేవి. నేల పాడవకుండా కింద గుడ్డ పరిచేవారు. 1882లో న్యూయార్కులో ఎడిసన్ దగ్గర పనిచేసే ఎడ్వర్డ్ జాన్సన్ అనే ఆయన తన ఇంటి చెట్టుకు మొదటిసారి కరెంటు దీపాలు పెట్టాడు. ఎనభై దీపాలట! కాలక్రమాన కొవ్వొత్తులు పోయాయి, మైనమూ పోయింది, గుడ్డ మాత్రం మిగిలింది. చెట్టును నిలబెట్టే ఇనప కాళ్ళను దాచడానికీ, బహుమతి పొట్లాలు పెట్టుకోవడానికీ పనికొస్తోంది గదా!

మన వైపు సంగతి వేరు. బాపట్ల, చీరాల సముద్రతీరంలో సరుగుడు తోటలున్నాయి. దాన్నే సరివి అని కూడా అంటారు. మా చిన్నతనంలో క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. తడి ఇసక నింపిన బకెట్లో కొమ్మ పాతి, బకెట్టు కనపడకుండా రంగు కాగితం చుట్టేవాళ్ళం. ఇసక తడికి ఆ కాగితం రెండో రోజుకే రంగు వదిలి గచ్చంతా ఎర్రగా అయ్యేది. నేను కాపురానికి వచ్చాక చూశాను, మా అత్తగారు కాగితం జోలికే పోలేదు. పాత చీర ఒకటి మడిచి బకెట్టుకు చుట్టబెట్టి, నాడాతో బిగించి కట్టేవారు. “చెట్టైనా సరే, మన గుమ్మంలోకొచ్చింది. బట్ట కట్టొద్దూ?” అనేవారు.

తర్వాత మేమూ అందరిలాగే ఒక ప్లాస్టిక్ చెట్టు కొన్నాం. అయిదడుగులది, కింద మూడు ఇనప కాళ్ళు. ఆ కాళ్ళూ, మరలూ కనపడుతుంటే చెట్టు కుంటుతున్నట్టే ఉండేది. నాలుగేళ్ళ క్రితం క్రిస్మస్ నాటికి మా అత్తగారు ప్రభువునందు నిద్రించి తొమ్మిది నెలలు. ఆవిడ లేని మొదటి పండగ. చెట్టు బయటికి తీస్తుంటే మా చిన్నది, “నాయనమ్మ ఉంటే చీర కట్టేది కదమ్మా!” అంది. ఆ మాటతోనే బీరువా తీశాను. పైనే ఉంది ఆవిడ మంగళగిరి నూలు చీర. తెల్లటి ఒళ్ళు, ఎర్రంచులో జరీ. ప్రతి క్రిస్మస్‌కూ గుడికి ఆ చీరతోనే వెళ్ళేవారు. మడతల దగ్గర చిరుగులు వచ్చి కట్టుకోవడానికి పనికిరాకుండా పోయింది. ఇంకేం, దాంతోనే పరికిణీ కుట్టేద్దామనుకున్నాను. మావారు సరేనన్నారు. మా పెద్దాడబిడ్డను మాత్రం అడగలేదు. ఆ చీర ఆవిడకు కన్నతల్లి చీర అన్న ఆలోచన ఆ వేళ నాకు రానేలేదు.

సరే, ముందు పని చెబుతాను.

పాత నూలు చీర అన్నిటికన్నా మంచిది. ఎన్నోసార్లు ఉతికి ఉంటుంది గనక ఇక కుంచించుకోదు, రంగు వదలదు. కొత్త గుడ్డ కొంటే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానేసి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టండి. ముఖ్యంగా ఎర్ర గుడ్డయితే తెల్ల గుడ్డతో కలిపి కుట్టేముందు తప్పకుండా తడిపి చూడండి. లేకపోతే మొదటి ఉతుకులోనే తెలుపంతా గులాబీ రంగవుతుంది.

ఎంత గుడ్డ కావాలి? అయిదడుగుల చెట్టుకు అంచులతో కలిపి 45 అంగుళాల వెడల్పు గుండ్రం సరిపోతుంది. చీర పన్నా సుమారు 45 అంగుళాలు ఉంటుంది. ముందు రెండు వైపులా అంచులు కత్తిరించి పక్కన పెట్టుకోండి. లోపల 40 అంగుళాల గుడ్డ మిగులుతుంది. అందులోంచి 40 అంగుళాల చదరం ఒకటి తీసుకోండి. చిరుగులు లేని చోటు చూసి మరీ తీయండి. లోపలి లైనింగుకు అంతే చదరం ఇంకోటి కావాలి. చీరలోనే వస్తే సరి, లేదా పాత దుప్పటి గుడ్డయినా ఫరవాలేదు. అది ఎవరికీ కనపడదు.

ఇప్పుడు గుండ్రంగా కత్తిరించడం. చదరాన్ని సగానికి మడవండి, మళ్ళీ సగానికి మడవండి. నాలుగు పొరల చిన్న చదరం వచ్చింది. మడతలన్నీ కలిసే మూల ఒకటుంటుంది, అదే గుడ్డకు నడిమధ్య. ఒక దారానికి సుద్దముక్క కట్టి, రెండో కొస ఆ మూల మీద వేలితో గట్టిగా నొక్కిపట్టండి. దారం పొడుగు 20 అంగుళాలుండాలి. సుద్దను ఈ అంచు నుంచి ఆ అంచుకు తిప్పితే చక్కటి వంపు గీత పడుతుంది. దాని వెంట కత్తిరిస్తే బయటి గుండ్రం అయిపోయింది.

అదే మూల నుంచి చెట్టు కాడ పట్టడానికి మధ్య రంధ్రం కూడా గీయాలి. ఇక్కడే నేను దెబ్బ తిన్నాను. చెట్టు కాడ దగ్గర కొలిస్తే 5 అంగుళాల వెడల్పు రంధ్రం కావాల్సి వచ్చింది. దారాన్ని 5 అంగుళాలే పట్టి గీసి, కరకరా కత్తిరించేశాను. మడత విప్పి చూద్దును గదా, రంధ్రం అన్నం పళ్ళెమంత ఉంది! 5 అంగుళాలు కావాల్సిన చోట 10 అంగుళాలు. పదో తరగతిలో లెక్కల మాష్టారు వ్యాసం వేరు, వ్యాసార్ధం వేరు అని నెత్తీనోరూ బాదుకుంటూ చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. కొత్త గుడ్డయితే ఇంకో మీటరు తెచ్చుకుందును. అది మా అత్తగారి చీరాయె! చదరం తీయడానికి చిరుగు లేని చోటు ఇంకొకటి లేదు. ఆ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

కనక మీరు మూడు జాగ్రత్తలు తీసుకోండి. ఒకటి, ఎంత వెడల్పు రంధ్రం కావాలో అందులో సగమే దారం పట్టాలి. రెండు, కుట్టులో అరంగుళం లోపలికి పోతే రంధ్రం ఇంకా పెద్దదవుతుంది. కాబట్టి 5 అంగుళాల రంధ్రానికి దారం 2 అంగుళాలే పట్టి గీయండి. మూడు, అన్నిటికన్నా ముఖ్యం, మొదట పాత న్యూస్‌పేపర్లు అతికించి వాటిమీద కత్తిరించి, చెట్టు కింద పెట్టి చూడండి. కాగితం పోతే పోయింది. చిన్న రంధ్రాన్ని ఎప్పుడైనా పెద్దది చేసుకోవచ్చు గానీ, పెద్దదాన్ని చిన్నది చేయడం ఎవరి తరం?

ఎవరి తరమూ కాదనుకున్నాను గానీ, ఉపాయం ఉంది. అదృష్టం కొద్దీ అప్పటికి లైనింగు గుడ్డ కోయలేదు. దానికి సరిగ్గా 2 అంగుళాల దారంతో రంధ్రం తీశాను. ఇక చీర కొంగు మిగిలి ఉంది. దానిలోంచి చక్రంలాంటి పట్టీ ఒకటి తీశాను. బయటి గీతకు దారం ఆరున్నర అంగుళాలు, లోపలి గీతకు 2 అంగుళాలు. దాని బయటి అంచు అరంగుళం లోపలికి మడిచి, పెద్ద రంధ్రాన్ని కప్పేలా పైన పరిచి, చేత్తో సన్నగా కుట్టేశాను. చొక్కాకు కాలరు వేసినట్టు వచ్చింది. కొంగులోని జరీ గీతలు సరిగ్గా చెట్టు మొదలు చుట్టూ పడ్డాయి. మీరు లెక్క తప్పకపోయినా సరే, కావాలంటే ఈ కాలరు వేసుకోవచ్చు, అందంగా ఉంటుంది.

ఇక కుట్టడం. గుండ్రటి గుడ్డకు బయటి అంచు నుంచి మధ్య రంధ్రం దాకా ఒకచోట నిలువుగా చీల్చాలి. చెట్టు నిలబెట్టాక పరికిణీని దాని చుట్టూ తిప్పి తొడగడానికి ఇదే దారి. మడత గీత వెంబడే కత్తిరిస్తే వంకర పోదు. లైనింగుకూ అలాగే చీల్చండి.

ముందు తీసిపెట్టిన చీర అంచులున్నాయి గదా, వాటితో ఫ్రిల్లు వేద్దాం. అంచును సాగదీసి గుండ్రం చుట్టూ సాపుగా కుట్టాలని మాత్రం చూడకండి. నిలువు నేత గుడ్డ వంపు తిరగదు, ముడతలు పడి పైకి లేస్తుంది. సాపుగా కావాలంటే ఐమూలగా కోసిన క్రాసు పట్టీయే వేయాలి. జరీ అంచును ఐమూలగా కోయలేం కనక కుచ్చు పోయడమే దానికి మార్గం. లెక్క చూడండి. 40 అంగుళాల గుండ్రానికి చుట్టుకొలత సుమారు 126 అంగుళాలు. అయిదున్నర మీటర్ల చీరకు ఒక వైపు అంచే సుమారు 216 అంగుళాలు వస్తుంది. అంటే ఒక్క అంచు చాలు, ఒత్తుగా కుచ్చు వస్తుంది. రెండో అంచు దాచుకోండి, దాని సంగతి చివర్లో చెబుతాను. ఇంకో సుళువేమిటంటే, చీర అంచుకు బయటి వైపు నేతలోనే గట్టిగా ఉంటుంది. మడిచి కుట్టక్కర్లేదు. కత్తిరించిన వైపు పొడుగాటి టాకాలు వేసి దారం లాగితే కుచ్చు అదే వస్తుంది. రెండు కొసలూ మాత్రం సన్నగా మడిచి కుట్టండి.

చీర అంచు లేనివాళ్ళు లేసు వేసుకోవచ్చు. నర్సాపురం, పాలకొల్లు వైపు స్త్రీలు ఇళ్ళల్లో కూర్చుని కొక్కెపు సూదితో అల్లే లేసు ఉంది చూశారూ, ఆ పనితనానికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తెల్ల లేసు ఎర్ర గుడ్డ మీద ఎంత బాగుంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మూడింటినీ కలపాలి. కాలరు వేసేవాళ్ళు ముందుగా కాలరుకు కూడా అదే చోట చీలిక పెట్టుకోండి. చీర గుడ్డ మంచివైపు పైకి ఉండేలా నేల మీద పరవండి. దానిమీద ఫ్రిల్లు, మంచివైపు కిందికి. కుచ్చు పోసిన అంచు గుడ్డ అంచుతో కలవాలి, జరీ వైపు లోపలికి చూడాలి. చీలిక దగ్గర అరంగుళం ముందే ఫ్రిల్లు ఆపేయండి. చీలికకు రెండు పక్కలా మూడేసి నాడాలు, ఎదురెదురుగా, కొసలు లోపలికి ఉండేలా పెట్టి టాకా వేయండి. అన్నిటిమీదా లైనింగు బోర్లా వేయండి. గుండుసూదులు గుచ్చి, అరంగుళం లోపలగా చుట్టూ మిషను కుట్టు వేయండి. బయటి గుండ్రం, చీలిక ఒక పక్క, మధ్య రంధ్రం, చీలిక రెండో పక్క. రెండో పక్కన మాత్రం జానెడు మేర కుట్టకుండా వదిలేయండి. అక్కణ్ణించే కదా తిరగేయాలి! మధ్య రంధ్రం వంపు దగ్గర కుట్టు తెగకుండా అక్కడక్కడా చిన్న గాట్లు పెట్టండి. లేకపోతే తిరగేశాక బిగుసుకుపోతుంది. వదిలిన చోటు నుంచి దిండు గలీబు తిరగేసినట్టు తిరగేసి, ఇస్త్రీ చేసి, ఆ జానెడూ చేత్తో కుట్టేయండి. నాడాల బదులు టిచ్ బటన్లు పెట్టుకున్నా బాగానే ఉంటుంది. మిషను ఉంటే ఒక మధ్యాహ్నం పని. చేత్తో అయితే నాలుగు రోజులు, పిల్లలు బడికి పోయాక గంట గంట చొప్పున.

సరుగుడు కొమ్మ బకెట్లో పెట్టేవాళ్ళకు ఈ సాపు గుండ్రం సరిపోదు, బకెట్టు పక్కలు బయటికి కనపడతాయి. మీకు నిజం పరికిణీయే కుట్టాలి. బకెట్టు మూతి చుట్టుకొలతకు రెండింతలు పొడుగు, బకెట్టు ఎత్తుకు మూడంగుళాలు ఎక్కువ వెడల్పు గుడ్డ తీసుకోండి. మూతి వెడల్పు 12 అంగుళాలుంటే చుట్టుకొలత 38, కనక గుడ్డ 76 అంగుళాలు పొడుగుండాలి. కింద అంచు మడిచి కుట్టి, పైన లంగాకు పెట్టినట్టే నేఫా మడిచి నాడా ఎక్కించి బకెట్టుకు కట్టేయడమే. ఇసక తడిపేటప్పుడు నీళ్ళు గుడ్డ మీదికి రాకుండా బకెట్టుకు ముందు ప్లాస్టిక్ కాగితం చుట్టండి. కొమ్మకు తడి తగ్గనివ్వకండి. ఎండిన కొమ్మ అగ్గిపుల్లతో సమానం.

ఆ మాట వచ్చింది గనక దీపాల సంగతి చెప్పకుండా ఉండలేను. ఇప్పుడు వచ్చే ఎల్‌ఇడి సీరియల్ దీపాలు అంతగా వేడెక్కవు. ఇంట్లో పాత రకం బల్బుల దండలుంటే అవి వేడెక్కుతాయి, నైలాను, పాలిస్టరు గుడ్డలు వాటికి తగిలితే కరుగుతాయి. అందుకే నూలు గుడ్డ అంటున్నాను. అయితే నూలు కాలదని కాదు. వైరు అతుకులూ, ప్లగ్గు పెట్టే బోర్డూ గుడ్డ కింద దాచకండి. చీలికను గోడవైపు తిప్పి, వైరు అందులోంచి బయటికి తీయండి. మంచు కురిసినట్టుంటుందని మనం దూది పరుస్తాం. దానికి నిప్పంటుకుంటే క్షణం పట్టదు. చెట్టు దగ్గర కొవ్వొత్తి వెలిగించవద్దు. పడుకునే ముందు స్విచ్చి ఆపడం మరిచిపోవద్దు.

పండగలయ్యాక పరికిణీని బయట దులిపి, ఆకులూ, మెరుపు తునకలూ రాలగొట్టి, జరీ ఉంటే గట్టిగా పిండకుండా ఉతికి నీడన ఆరేయండి. పూర్తిగా ఆరాక మడిచి, పాత నూలు గుడ్డలో చుట్టి దాచుకోండి. ఏడాదికోసారి మడత మార్చి పెట్టండి. మా అత్తగారి చీర మడతల్లోనే చిరిగిందని చెప్పాను గదా.

ఇక నా కథ ముగింపు. క్రిస్మస్ ముందు రోజు మా పెద్దాడబిడ్డ పిల్లలతో దిగింది. ఆవిడ గదిలోకి అడుగు పెట్టగానే నాకు గుండె గుభేలుమంది. చెట్టు కింద తెల్లగా పరుచుకుని ఉంది పరికిణీ. ఎర్రంచు చూడగానే పోల్చుకుంది. సంచీ కింద పెట్టి, చెట్టు దగ్గర కూర్చుని ఆ జరీ మీద చెయ్యి వేసి రాస్తూ ఉండిపోయింది. ఏమీ అనలేదు.

నేనే తట్టుకోలేక, “తప్పయింది వదినా, నిన్ను అడక్కుండా కోసేశాను” అన్నాను.

కాసేపటికి ఆవిడ, “ఒక్కమాట అడిగుండాల్సింది అమ్మాయ్. ఆ చీర నేనడుగుదామనుకున్నాను” అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మళ్ళీ తనే కాలరు వైపు చూసి, “ఇదేంటి, ఇక్కడ కొంగు వేశావ్?” అంది. రంధ్రం సంగతి చెప్పాను. కళ్ళలో నీళ్ళు పెట్టుకునే నవ్వింది. “అమ్మ ఉంటే నీకు మొట్టికాయ వేసేది” అంది.

వెళ్ళేటప్పుడు రెండో అంచూ, మిగిలిన ముక్కలూ అన్నీ మూట కట్టి ఇచ్చాను. మరుసటి ఏడు క్రిస్మస్‌కు వాళ్ళింట్లోనూ చెట్టు కింద అదే ఎర్రంచు కనపడింది. గుడ్డ వేరే అయినా ఫ్రిల్లు మాత్రం అదే.

అందుచేత సోదరీమణులారా, కొలత కాగితం మీద చూసుకోండి, దారం సగమే పట్టండి. పెద్దల చీర మీద కత్తెర పెట్టేముందు మాత్రం, ఆ చీర మీద ఇంకెవరికి మనసుందో వాళ్ళనొక్కమాట అడగండి. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. కోసిన చీర మళ్ళీ చీర కాదు గదా!

అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు. సెలవు.